అడ్డాకులో గెడ్డ చేప

ముంచింగిపుట్టు,
2025 మార్చి 16, ఆదివారం.

చిరంజీవి స్వర్ణకు,

అమ్మ రత్న మనసారా దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ మేము, మేకలు, మిరియాల తీగలతో సహా అందరం క్షేమం. విశాఖలో నువ్వూ, నీ జపాన్ అక్షరాలూ క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో చెబుదామంటే కొండ మీద సిగ్నల్ సగం మాటలు మింగేస్తోంది. ఈ కబురు సగమే వింటే నీకు నిద్ర పట్టదు. అందుకే రాసి, కాఫీ గింజల సంచితో పాటు రేపటి బస్సుకి ఇచ్చి పంపుతున్నాను.

నర్సింగు చదివి, జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి నువ్వు ఎంపికైన నాటి నుంచి మీ నాయనమ్మ ఒకటే మాట మీద కూర్చుంది కదా. ఎవరో ఆవిడకు ఫోన్‌లో వీడియో చూపించారు, అక్కడి జనం పచ్చి చేప ముక్కలు తింటున్నది. అంతే. "నిప్పు సూడని మాంసం అడివిలో జంతువులు తింటాయి. ఆళ్ల మజ్జికి గుంటని పంపుతారేటి?" అంది. నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ కాదంటే నువ్వు వెళ్లవని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

మొన్న శుక్రవారం మీ శిక్షణ కేంద్రం ఆల్విన్ సార్, మీ జపాన్ టీచర్ మిదోరి గారిని వెంటబెట్టుకుని మనింటికి వచ్చారు, పెద్దావిడతో మాట్లాడి ఒప్పిద్దామని. నీకు పరీక్ష ఉండబట్టి ఆ తమాషా చూడలేకపోయావు.

వాళ్లు వస్తున్నారని తెలియగానే మీ నాన్నకి హుషారు పుట్టింది. టీచర్ గారికి ఆవిడ తిండే పెట్టాలి, అంటే పచ్చి చేపే పెట్టాలి అన్నారు. పొద్దున్నే గెడ్డ నీళ్లలో దిగి చేప పట్టుకొచ్చారు. మీ నాయనమ్మ ఛీ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఇంటికొచ్చిన మనిషి తినేది పెట్టాలి గానీ మనకు నచ్చింది కాదంది. చేప తనే తీసుకుని, మమ్మల్నెవరినీ వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆ నీచు మా కంట పడకూడదని కాబోలు అనుకున్నాను.

భోజనాల దగ్గర సామ అన్నం, కోడికూర, ఎర్ర చీమల పచ్చడి వడ్డించాం. టీచర్ గారి విస్తరిలో మాత్రం అదనంగా ఒక అడ్డాకు పొట్లం. ఇది మా గెడ్డ చేప, మీ కోసం పచ్చిగానే ఉంచామని మీ నాన్న గొప్పగా చెప్పారు. ఆల్విన్ సార్ అది ఆవిడ భాషలో చెప్పారు. టీచర్ గారు పొట్లం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత విప్పారు. మేమందరం మొహాలు పక్కకు తిప్పేసుకున్నాం. మీ నాన్న అయితే దూలాలు లెక్కపెట్టారు. ఆల్విన్ సార్ కోడికూర మీదికి వంగిపోయారు. మీ నాయనమ్మ ఒక్కతే కళ్లార్పకుండా ఆవిడనే చూసింది. మేము తల తిప్పేసరికి ఆకు ఖాళీ. టీచర్ గారు మీ నాయనమ్మ వైపు తిరిగి నడుము వంచి దణ్ణం పెడుతున్నారు.

తర్వాత పచ్చడి చూపించి ఇదేమిటని అడిగారు. చెట్టు మీది ఎర్ర చీమలు, మిరపకాయా ఉప్పూ వేసి నూరామని చెప్పాను. ఆవిడ మొహం అచ్చం ఇందాకటి మా మొహాల్లాగే అయిపోయింది. చీమల్ని వండారా అని మెల్లగా అడిగారు. లేదన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. మన చీమలూ నిప్పు చూడలేదు మరి. మీ నాయనమ్మ నన్నూ, రోలునూ మార్చి మార్చి చూసి పగలబడి నవ్వింది. టీచర్ గారు వేలి కొసతో కాస్త నాకి, కళ్లు పెద్దవి చేసి, మళ్లీ వేయించుకున్నారు.

వాళ్ల జీపు మలుపు తిరిగాక మీ నాయనమ్మ చెయ్యి కడుక్కుంటూ చెప్పింది. "గుంటని బేగి రమ్మని రాయి. ఎల్లీ ముందు కళ్లారా సూసుకుంతాను" అంది.

స్వర్ణా, నాకు ఏడుపొచ్చేసింది. సంతోషమో, నువ్వు దూరమవుతావన్న బెంగో, రెండూనేమో. నీ ఆశ నిలిచింది, అది చాలు నాకు. పరీక్షలు అవగానే బయలుదేరు. పచ్చడి దాచి ఉంచుతాను.

ఇట్లు,
నీ బస్సు కోసం ఇప్పటి నుంచే చూస్తున్న
మీ అమ్మ, రత్న

తా.క.: కవరు అంటించబోతుంటే ఆల్విన్ సార్ ఫోన్ వచ్చింది, అదృష్టం కొద్దీ తెగలేదు. వాళ్ల దేశంలో పచ్చిగా తినేది సముద్రపు చేపేనట. ఏటి చేపలో పురుగులుంటాయని వాళ్లూ పచ్చిగా ముట్టరట. కాదంటే మనం చిన్నబుచ్చుకుంటామని టీచర్ గారు గుండె చిక్కబట్టుకుని పొట్లం విప్పారట. విప్పితే లోపల చేప చక్కగా కాలి ఉందట! వెళ్లి మీ నాయనమ్మను నిలదీశాను. ముసిముసిగా నవ్వింది.

"పచ్చి సేప పెట్టడానికి నాకు సెయ్యి రానేదు. నిప్పుల్లో కాల్చి, కొత్త ఆకులో సుట్టీసినాను. ఆయమ్మ పొట్లం తిప్పి తిప్పి సూసింది, అయినా ఆకు ఇప్పింది. లోపలిది సూసి కూడా మీకు సెప్పనేదు, నా పరువు కాసింది. అలాటోళ్ల మజ్జిన మన గుంట బతుకుతాది" అంది.

మీ నాన్నకు మాత్రం చెప్పకు. జపాన్ టీచరుకి పచ్చి చేప పెట్టానని నిన్న సంతలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకొచ్చారు.