బండ మీద అడవినాభి

ఫిల్మ్‌నగర్,
జూలై 11

ప్రియమైన నాన్నకి,

నీ హెలెన్ వందనాలు. మారేడుమిల్లిలో సిగ్నల్ ఉండదనీ, ఉన్నా సినిమా సెట్ గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసేసుకుంటున్నారనీ ఏసుకుమార్ అన్న చెప్పాడు. "ప్రతి శనివారం సామాన్ల వ్యాన్ తోలేది నేనే, ఉత్తరం రాసిస్తే మీ నాన్న చేతిలో పెడతా" అన్నాడు. ఉత్తరమా! స్కూల్లో సెలవు చీటీ తప్ప నేనేనాడైనా ఉత్తరం రాశానా? తప్పులుంటే నవ్వకు.

మా రెండేళ్ళ ఫోటోగ్రఫీ కోర్సులో ఫీల్డ్ ట్రిప్పులు మొదలయ్యాయి. వారానికి రెండు రోజులు, పొద్దున్నే. మొక్కల గురించి చెప్పే మనోజ మేడమ్ మమ్మల్ని జూబ్లీహిల్స్ బండల మీద తిప్పుతున్నారు. ఈ నేలలో వాటంతటవే మొలిచిన మొక్కల్ని ఫోటోలు తీయాలి, కుండీల్లోవి కాదు. తంగేడు, పాలకొడిసె, కొండగోగు... ఇవన్నీ మనింటికి అరమైలు దూరంలోనే ఉన్నాయంటే నమ్ముతావా? నువ్వు అక్కడ గుడ్డతో, ప్లాస్టిక్‌తో అడవులు కట్టుకో. నేను ఇక్కడ అసలు అడవి వెతుక్కుంటా! (కోపం తెచ్చుకోకు, ఊరికే అన్నా.)

మేడమ్‌కి మూడు ఆజ్ఞలు: తాకకూడదు, తెంపకూడదు, తొక్కకూడదు. మా క్లాసు చిన్ని ఒక ఆకు ముట్టుకుందని బండ మీదే నిలబెట్టి పావుగంట క్లాసు పీకారు.

అసలు సంగతి చెప్పనా? మన బస్తీ వెనక గుట్ట మీద పెద్ద బండ ఉంది చూడు, నిన్న దాని పగులులో నిలువెత్తుకి రెండింతల పైన ఎర్రగా ఏదో కనిపించింది. జూమ్ చేసి చూస్తే తీగ! మంటలాంటి ఎర్రటి పువ్వు, అంచులు పసుపు. మేడమ్ కెమెరాలో చూసి నోరెళ్ళబెట్టారు. అడవినాభి అట! పదేళ్ళుగా ఈ గుట్టల మీద ఆవిడకి కనబడలేదట.

అమ్మ పెట్టిన షరతు గుర్తుందిగా, ఈ ఏడు నా ఫోటో ఒక్కటైనా నలుగురూ చూసే గోడ మీద కనబడకపోతే బుద్ధిగా బీకామ్‌లో చేరాలని. ఈ ఫోటో నన్ను గట్టెక్కించేలా ఉంది నాన్నా!

ముద్దులతో,
నీ హెలెన్


మారేడుమిల్లి,
జూలై 15

ప్రియమైన హెలెనమ్మకి,

ప్రభువు కృపలో నాన్న దీవెనలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివి, కార్పెంటర్లకి కూడా చదివి వినిపించాను. సెలవు చీటీలు రాసీ రాసీ చెయ్యి బాగానే తిరిగింది నీకు.

ఇక్కడ సంగతి వింటే నవ్వుతావు. చుట్టూ ఇంత అడవి పెట్టుకుని, మధ్యలో మేము ఇంకో అడవి కడుతున్నాం. ఇదేంటండీ అంటే, నిజం చెట్టు హీరోగారికి అడ్డం వస్తే పక్కకి జరగదు కదయ్యా అంటాడు డైరెక్టరు. జరిగే చెట్లు ఇరవై రెండు చేశాను. నిన్న తేనెటీగలు వచ్చి నా గుడ్డపూల మీద వాలి, మోసపోయామని తెలిసి నన్నే కుట్టాయి.

ఫోటో వచ్చాక ఒక కాపీ పంపు. అమ్మ సంగతి నాకొదిలెయ్. ఆవిడకి కోపం కాదమ్మా, భయం. సినిమా వాడిని కట్టుకుని ఇరవై రెండేళ్ళు ఎదురుచూపుల్లోనే గడిపింది, పాపం. కూతురూ అలాగే అయిపోతుందేమోనని.

వానలో బండలు జారతాయి, జాగ్రత్త.

మీ నాన్న,
శామ్సన్


ఫిల్మ్‌నగర్,
జూలై 25

ప్రియాతిప్రియమైన నాన్నకి,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

నా ఫోటో సెలెక్ట్ అయింది! ఆగస్టు 20న బంజారాహిల్స్‌లో మా కాలేజీ హాల్లో మన మొక్కల ఎగ్జిబిషన్. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద తలుపంత పెద్దది పెడతారట, నాదే! కింద నా పేరు. చిన్ని అయితే "ఏంది హెలెన్, గా పువ్వు మస్తుంది, గది నీకే కనబడాలా" అని నా వీపు విమానం మోత మోగించింది.

అమ్మ ఏమీ అనలేదు. కానీ ఆదివారం చర్చి అయ్యాక చూస్తే పాస్టరమ్మగారి దాకా అందరికీ తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నువ్వే ఊహించుకో.

ఇంకో వింత. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళి చూశా. అదే పువ్వు, వాడలేదు, రంగు కూడా మారలేదు. అంత వానకి ఒక్క రేకు రాలలేదు. ఎంత గట్టి ప్రాణమో! మేడమ్ అయితే దాని మీద వ్యాసం రాయడం కూడా మొదలుపెట్టారు.

ఫోటో కాపీ ఈ కవర్లోనే ఉంది. వెంటనే జవాబు రాయి, ఎలా ఉందో చెప్పు.

ఆకాశంలో తేలిపోతున్న
నీ హెలెన్


ఫిల్మ్‌నగర్,
ఆగస్టు 1

నాన్నా,

వ్యాన్ వచ్చింది, నీ ఉత్తరం రాలేదు. ఏసుకుమార్ అన్నని అడిగితే "కవర్ చేతిలో పెట్టా, విప్పి చూశాడు, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు" అంటున్నాడు. జ్వరమా? ఫోటో నచ్చలేదా? నచ్చకపోతే నచ్చలేదని రాయి, ఈ మౌనవ్రతం మాత్రం వద్దు. నాకు బెంగగా ఉంది.

హెలెన్


మారేడుమిల్లి,
ఆగస్టు 5

నా బంగారుతల్లికి,

జ్వరం లేదు. ఫోటో నచ్చకపోవడమేంటమ్మా. అది చూశాక నిద్ర పట్టలేదు.

ఎలా చెప్పాలో తెలియక ఒక వారం నోరు కుట్టేసుకున్నాను. చెప్పకపోతే ఇంకా పాపం. హెలెనమ్మా, ఆ పువ్వు నేను చేసింది. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు తట్టలేదు, ఫోటో చూశాకే గుర్తుపట్టాను.

ఏప్రిల్లో ఆ గుట్ట మీద ఒక పాట తీశాం. హీరోయిన్ ఆనుకునే బండ మరీ బోడిగా ఉంది, ఎర్రగా ఏదైనా పెట్టండి అన్నారు. పట్టుగుడ్డ రేకులు, వేడి గరిటెతో నొక్కిన అంచులు, ఆకుపచ్చ టేపు చుట్టిన సన్న తీగ. బండ పగులులో ఎంసీల్‌తో అతికించాను. ప్యాకప్ అయ్యాక అన్నీ ఏరేశాను, అదొక్కటే పైన ఉండిపోయింది. నిచ్చెన అప్పటికే లారీ ఎక్కేసింది. రేపొచ్చి తీద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు, ఇటు బయలుదేరి వచ్చేశాను. లొకేషన్లో మన చెత్త మిగలకూడదని కుర్రాళ్ళకి రోజూ చెప్పేవాణ్ణి నేనే. సిగ్గుగా ఉంది.

నిజం చెప్పొద్దూ, ఫోటో చూడగానే ముందు గర్వం వేసింది. నా కూతురు ఎంత బాగా తీసిందో, నేనెంత బాగా చేశానో అని. మరుక్షణమే ఆ ఎదురుగోడ గుర్తొచ్చింది. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను. కానీ తలుపంత అబద్ధం కింద నీ పేరు ఉండటం నేను చూడలేను. ఏం చేస్తావో నీ ఇష్టం. అమ్మకి నేనే చెబుతాను కావాలంటే. తప్పు నాది.

క్షమించమని అడుగుతూ,
మీ నాన్న


ఫిల్మ్‌నగర్,
ఆగస్టు 8

నాన్నకి,

నీ ఉత్తరం చదివి తలుపేసుకుని ఏడ్చాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో! అమ్మతో పోట్లాడి నన్ను ఇందులో చేర్పించింది నువ్వే, ముంచింది నువ్వే. నా అంతటి పిచ్చిమొహం ఉంటుందా అని నా మీద ఇంకా ఎక్కువ కోపం. నీ పూలని ఎన్నిసార్లు ఎగతాళి చేశాను! చివరికి వాటికే పడిపోయాను.

నీ ఉత్తరం చింపేద్దామా అనుకున్నా. చింపలేదు. నిన్న ఉత్తరం తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చదివారు, కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకుని చదివారు. తిడతారనుకుంటే కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వారు. "పదేళ్ళుగా మొక్కలు తాకకండీ తాకకండీ అని చెప్పినందుకు నాకిదే శాస్తి" అన్నారు. వ్యాసం కాగితాలు అక్కడికక్కడే చెత్తబుట్టలో పడేశారు.

ఫోటో మాత్రం లిస్టులోంచి తీసేశారు. మన మొక్కల ఎగ్జిబిషన్‌లో గుడ్డపువ్వు ఎలా పెడతారు? ఎదురుగోడ ఇప్పుడు ఖాళీ. పదిహేనో తారీకులోపు వేరే మంచి ఫోటో ఇస్తే చూస్తారట. నా దగ్గరున్నవన్నీ తంగేడు పూలే, క్లాసులో పద్నాలుగు మంది దగ్గరా అవే. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆవిడ ఎగ్జిబిషన్‌కి కట్టుకోవాల్సిన చీర కూడా ఇస్త్రీ చేయించేసింది నాన్నా.

ఒక్క మాట. మేడమ్ భూతద్దం పెట్టి ఫోటో చాలాసేపు చూశారు. "చూడు, ఆకు కొసలు సన్నగా చుట్టుకున్నాయి. పువ్వులోంచి ఈ కాడ నిటారుగా రాకుండా పక్కకి విరిగినట్టు వంగింది. సినిమా కోసం ఎవరూ ఇంత చెయ్యరు. మీ నాన్నగారు అసలు మొక్కని దగ్గరగా చూశారు. ఎక్కడో అడుగు" అన్నారు.

ఎక్కడ చూశావు? తొందరగా రాయి.

హెలెన్


మారేడుమిల్లి,
ఆగస్టు 12

నా తల్లీ,

మేడమ్ గారు ఘటికురాలు! నా నమస్కారాలు చెప్పు.

ఏసుకుమార్ హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నా. అదే బండకి అవతలి పక్క. పోయినేడు సెప్టెంబరులో లొకేషన్ చూడటానికి వెళ్ళినప్పుడు వాన పట్టుకుంది, తలదాచుకోవడానికి అటు పోయాను. రెండు రాళ్ళు ఒరుసుకున్న చోట నీళ్ళు ఊరతాయి, పరికి కంప దట్టంగా ఉంటుంది. ఆ ముళ్ళలోంచి తీగ పైకి పాకి పూసింది. అప్పుడు పేరు తెలియదు గానీ అంత అందం వదిలి రాబుద్ధి కాలేదు. నాలుగు రోజులు గొడుగేసుకుని వెళ్ళి బొమ్మ గీసుకున్నాను. ఒక్క రేకూ తెంపలేదు. తెంపితే ఇంక చూసి చేసేదేముంది?

ఇప్పుడుందో లేదో చెప్పలేను. దుంపలోంచి ఏటా లేస్తుందని ఇక్కడి వాళ్ళు అంటున్నారు. ముళ్ళు జాగ్రత్త, పొడుగు చేతుల చొక్కా వేసుకో. నేను ప్రార్థన చేస్తూ ఉంటాను.

మీ నాన్న


ఫిల్మ్‌నగర్,
ఆగస్టు 22

నా ప్రియమైన, గొప్పవాడైన నాన్నకి,

ఎక్కణ్ణుంచి మొదలెట్టను!

పద్నాలుగున తెల్లారగానే మేడమ్, పద్నాలుగు మందిమీ నీ ఉత్తరం పట్టుకుని వెళ్ళాం. రాళ్ళు ఒరుసుకున్న చోటు దొరికింది. పరికి కంప దొరికింది, నా చొక్కాని చీల్చి మరీ స్వాగతం చెప్పింది. పువ్వు లేదు. అరగంట వెతికాం. అంతలో చిన్ని "మేడమ్, జర గీడ చూడుండ్రి!" అని కేకేసింది. కంప వెనక, నాన్నా, ఒకటి కాదు, మూడు తీగలు! విచ్చుకుంటున్నవి పసుపు, నిన్నటివి మంట రంగు, పాతవి నిండు ఎరుపు. మేడమ్ ఆ బురదలోనే చతికిలబడి కళ్ళు తుడుచుకున్నారు. నేను బోర్లా పడుకుని రెండు గంటలు తీశాను.

ఎదురుగోడ మీద ఒకటి కాదు, రెండు ఫోటోలు పెట్టారు. పక్కపక్కనే, అసలుదీ నీదీ. ఏది నిజమో చెప్పుకోండి అని కింద రాశారు. మేడమ్ ఆలోచనే. ఇరవయ్యో తారీకు పొద్దున్నించీ జనం అక్కడే గుంపు. ముప్పావువంతు మంది నీ పువ్వుకే ఓటేశారు! మా ప్రిన్సిపాల్ గారు కూడా.

అప్పుడు అమ్మ వచ్చింది, చర్చి ఆడవాళ్ళందరితో, ఇస్త్రీ చీరలో. అమ్మకి నేను ఏమీ చెప్పలేదు, చెప్పే ధైర్యం రాలేదు. ఆవిడ రెండు ఫోటోల ముందూ ఒక్క నిమిషం నిలబడింది. నీ పువ్వు మీద వేలు పెట్టి, "ఇది ఆయన చేసిందే కదూ?" అంది. ఎలా కనిపెట్టావమ్మా అంటే, "ఆ కాడ దగ్గర ముడి చూడు. రెండు చుట్లు, వెనక్కి ఒకటి. క్రిస్మస్ నక్షత్రం కట్టినా అదే ముడి, నీ చిన్నప్పుడు ఉయ్యాల కట్టినా అదే ముడి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను" అంది. తర్వాత ఎంతసేపు అక్కడ నిలబడిందో తెలుసా? పాస్టరమ్మగారు పిలిచినా కదల్లేదు.

ఒక మాట చెప్పాలి నాన్నా. నోటితో అయితే చెప్పలేను, ఉత్తరం కాబట్టి రాస్తున్నా. మొదటిసారి ఆ పువ్వుని చూసినప్పుడు నేను దేవుడికి థ్యాంక్స్ చెప్పుకున్నాను, ఎంత బాగా చేశావయ్యా అని. అది నీకు చెప్పాల్సిందని ఇప్పుడు తెలిసింది. చాలా బాగా చేశావు నాన్నా.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. నేను బీకామ్ మాట వస్తుందేమోనని బిక్కచచ్చిపోయి ఉన్నా. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక మెల్లిగా అడిగింది:

"మీ రెండో ఏడు క్లాసులు ఎప్పట్నించే?"

నీ కోసం ఎదురుచూస్తూ,
నీ హెలెన్