రెండో రోవర్ పంపిన ఫోటో

బావగారికి,

రోవర్ ఫోటో వచ్చినందుకు మీకు చేస్తున్న సన్మానానికి రమ్మని అక్క చేత ఫోన్ చేయించారు. నేను రాను.

గ్రహశకలం మీద దిగిన రెండో రోవర్ మూగబోయిన రోజు, "అది చచ్చింది, ఇక వదిలెయ్" అన్నది ప్రాజెక్టు హెడ్‌గా మీరే. దాని కెమెరా బిగించిన టెక్నీషియన్ పెద్దాయన మాత్రం, "ఎండ పడితే లేస్తుందమ్మా, పిలుస్తూనే ఉందాం" అన్నారు. పదకొండు రోజులు ఇద్దరం సంకేతాలు పంపాం. మీ మాట వినలేదని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నన్ను మరదలినని వదిలేశారు. మర్నాడే ఫోటో వచ్చింది.

"నేను ఆశ వదులుకోలేదు" అని ఇవాళ పేపర్లో చెప్పుకున్నారు.

ఫోటో పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాను. అందులోని గ్రహశకలం నల్లటి రాళ్లను చాలాసేపు చూసి, "ఫోకస్ బాగా కుదిరింది" అన్నారు. మీ మీద ఒక్క మాట అనలేదు. అందుకే నేను అన్నాను. రోవర్‌ని వదిలెయ్యమని మీరు సంతకం పెట్టిచ్చిన కాగితం మన సంస్థ డైరెక్టర్‌గారి చేతిలో పెట్టి వచ్చాను.

అక్కకి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం.

మీ మరదలు