మోతె రిజిస్టరులో దేవమ్మ

మిర్యాలగూడ,
11-3-1990.

చిరంజీవి ఎస్తేరుకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే కనుక అందరం క్షేమమని రాయలేను. నేను క్షేమం. లెస్టర్‌లో నువ్వు, అల్లుడు, నీ కడుపులోని బిడ్డ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి లేదు. గ్యాసు ఇంకా రాలేదు, కిరోసిన్ స్టవ్ మీదే వండుకుంటున్నాను. "రోజూ ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అని అడిగావు. పొద్దున పాలు పోసే ఆమెతో రెండు మాటలు, ఆదివారం చర్చిలో నాలుగు మాటలు. గది అద్దెకిచ్చినవాళ్లు మంచివాళ్లే కానీ తెల్లారగానే రైసుమిల్లుకు పోయి పొద్దుగూకినాక వస్తారు. మొన్న కూర కలుపుతూ నాలో నేను ఇంగ్లిషులో మాట్లాడుకుంటున్నానని గమనించాను. అక్కడ ఉన్నన్నాళ్లూ తెలుగులో గొణుక్కునేదాన్ని. మీ నాన్న పోయాక ఆ ఇంట్లో ఉండలేక, నా వాళ్ల మధ్యకు పోతున్నానని చెప్పి వచ్చేశాను. వచ్చి చూస్తే నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఇక పింఛను సంగతి. అరవై నిండి ఏడాది కావస్తోంది, ఫారం ఎందుకు పంపలేదని మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడుసార్లూ పోస్టు మీదికి నెట్టాను. ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలుగు కూడబలుక్కొనైనా నువ్వే చదువుకో. అల్లుడికి తర్వాత చెప్పు.

ఇంగ్లండులో నేను చేసిన పాతికేళ్ల నర్సు పనికి అక్కడి ఆఫీసువాళ్లు, అంతకుముందు సూర్యాపేట సర్కారు దవాఖానలో చేసిన పదేళ్లకు నల్లగొండ ఆఫీసువాళ్లు, ఇద్దరూ ఒకే కాగితం అడిగారు. పుట్టిన తేదీకి రుజువు కావాలట. అందుకని జనవరిలో సూర్యాపేట మీదుగా మా ఊరు మోతెకు పోయాను. మండలాఫీసులో నిజాం కాలం నాటి ఉర్దూ రిజిస్టర్లు ఉన్నాయి. పుట్టుకల పుస్తకాన్ని చెదలు తినేశాయి. మా నాన్న పేరు ఇంకెక్కడైనా దొరుకుతుందేమోనని, ఉర్దూ వచ్చిన పెద్ద గుమస్తా చావుల పుస్తకం తీశాడు. కాసేపటికి వేలు ఒక వరుస మీద ఆపి నా వైపు చూశాడు.

"అమ్మా, సైదయ్య బిడ్డ దేవమ్మ అని గీడ ఉన్నది. పద్దెనిమిదేండ్లు. గత్తరతోని పోయిందట. మీ ఇంట్ల ఇంకో దేవమ్మ ఉండెనా?"

గత్తరంటే కలరా. ఆ వరుస పక్కన మా నాన్న వేలిముద్ర ఉంది. సిరా ఇంకా నల్లగానే ఉంది. నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

అక్కడ ముసలివాళ్ల పింఛనుకు అర్జీ పెట్టుకోవడానికి తండా నుంచి వచ్చిన సోమ్లా అనే పెద్దాయన కూర్చొని ఉన్నాడు. నన్ను చాలాసేపు ఎగాదిగా చూసి, "నువ్వు సైదయ్య సిన్న బిడ్డవు కాదా? సరోజవు?" అన్నాడు.

నేను తల ఊపాను.

"మీ అక్కను నేను, మీ నాయిన కలిసి పాతిపెట్టినం. గత్తరని ఎవ్వలు దగ్గరికి రాలే. నువ్వు గా చింతచెట్టు కాడ నిలవడి ఏడుస్తుంటివి. యాదికున్నదా?"

నలభై మూడేళ్ల తర్వాత నా పేరు విన్నాను, ఎస్తేరూ. నేను దేవమ్మను కాను. దేవమ్మ మా అక్క. మిషన్ బడిలో చదివి నర్సు ట్రైనింగుకు సీటు తెచ్చుకుంది. చేరడానికి మూడు వారాలుందనగా గత్తర వచ్చి రెండు రోజుల్లో పోయింది. నాకప్పుడు పదిహేనేళ్లు. అక్క బట్టల పెట్టె నా ముందు పెట్టి నాన్న అన్నాడు: "సీటు ఖరాబు చేసుకోవద్దు బిడ్డా. నువ్వు పో. ఎవలన్న అడిగితె దేవమ్మనే అని చెప్పు." పోయాను. ఆ పేరుతోనే చదివాను, నౌకరీ చేశాను, పెండ్లి చేసుకున్నాను, విమానమెక్కాను, నిన్ను కన్నాను.

మోతె నుంచి తిన్నగా కోదాడ పోయి, ప్రభాకర్ అనే వకీలుకు అంతా చెప్పాను. "ఇదేమంత పెద్ద విషయం కాదండీ" అన్నాడు. "చనిపోయింది వేరే ఇంటి దేవమ్మ, రిజిస్టరులో తండ్రి పేరు తప్పు పడిందని ఒక అఫిడవిట్ రాద్దాం. సాక్షుల్ని నేను చూస్తాను. నలభై ఏళ్ల నాటి సంగతి ఎవరికి కావాలండీ?"

టైపు చేయించి నా ముందు పెట్టాడు. పెన్ను కూడా తీసుకున్నాను. సంతకం పెడితే రెండు దేశాల డబ్బూ అడిగే హక్కు ఉంటుంది. కానీ బతికే ఉన్నానని ఏటేటా దేవమ్మ పేరుతో రాసి పంపుతూ ఉండాలి. అక్కకు సమాధి రాయి లేదు, ఫోటో లేదు. ఆమె బతికి చచ్చిందని చెప్పేది ఆ ఒక్క వరుసే. అది తప్పని నా చేత్తో రాయలేకపోయాను. ఆయన ఫీజు ఇచ్చి, బస్సెక్కి వచ్చేశాను.

ఆ వారమే రెండు ఆఫీసులకూ నిజం రాశాను. పింఛను మాట అటుంచి, జైలుకు పంపుతారేమోనని భయపడ్డాను. ఇంగ్లండు నుంచి జవాబు వచ్చింది. పని చేసిందీ, చందా కట్టిందీ నేనే కనుక పింఛను నాదేనట. కానీ నా అసలు వయసు ప్రకారం 1992 నుంచే ఇస్తారట. నల్లగొండ గుమస్తా మాత్రం, "రాజీనామా ఇచ్చి పోతివి, పేరు సూత నీది కాకపాయె. ఆశ పెట్టుకోకు తల్లీ" అన్నాడు. 1992 వరకు గడవడానికి ఇక్కడొక నర్సింగ్ హోములో పూటపని ఒప్పుకున్నాను. డబ్బు పంపకు.

నీకు చెప్పడానికి కష్టమైనది ఇంకొకటుంది. పాస్‌పోర్టు కూడా ఆ పేరుతోనే ఉంది కనుక ఇంగ్లండువాళ్లు దాన్ని తిప్పి పంపమన్నారు, పంపేశాను. కొత్తది ఇస్తారో ఇవ్వరో, ఇస్తే ఎప్పుడిస్తారో చెప్పలేదు. నీ కాన్పుకు రాలేను తల్లీ. ఎంతమందికో పురుడు పోసిన చేతులు, నీకు పోయలేవు. ఇది తెలిసే ఆ ఆఫీసులకు నిజం రాశాను. నన్ను కోప్పడాలనిపిస్తే కోప్పడు.

మీ నాన్నకు కూడా చెప్పలేదు. ఇరవై ఏడేళ్లు నన్ను "దేవా" అని పిలిచారు. ఎంతో ప్రేమగా పిలిచేవారు. పిలిచినప్పుడల్లా, ఆ ప్రేమ నాదేనా అనిపించేది. రోజుకోసారి చెప్పాలనుకునేదాన్ని. ఆస్పత్రిలో ఆఖరి రాత్రి కూడా అనుకున్నాను. ఆయన పోయాక ఇక చెప్పుకోవడానికి ఎవరూ లేరనుకున్నాను. నువ్వున్నావు.

కోపమొచ్చినా జవాబు రాయడం మానకు. కవరు మీద ఏ పేరు రాసినా నాకు అందుతుంది. ఇద్దరూ ఈ గదిలోనే ఉంటారని పోస్టుమాన్‌కు చెప్పి ఉంచాను.

ఇట్లు,
నీ అమ్మ
సరోజ