ఎడమకు లాగే విమానం

గుణుపురం,
ఆగస్టు 2005

తమ్ముడు గోవిందరాజులుకి అక్క ఆశీస్సులు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? జయపురంలో వానలట, మెట్ల మీద జాగ్రత్త.

మన సుజన ఆటల్లో పడిందని, నువ్విచ్చిన కంప్యూటరు పట్టుకుపోతానన్నావట. తొందరపడకు నాయనా. నా మనవరాలు ఆడేది విమానం నడిపే ఆట. ఎవరో తయారుచేసిన కొత్త విమానాన్ని అందులో పెట్టుకుంది. గాలిలో బాగానే ఎగిరేది గానీ, నేల మీద పరుగెడితే ఎడమకు లాగి గడ్డిలోకి పోయేది. అది బొమ్మేనని తెలిసినా నాకు గుండె దడ.

"ఏటమ్మీ, అటేపు బరువెక్కువైందేటి?" అన్నాను.

"ఉండు నానమ్మా, కాటా సూసినట్టు ముందు ఖాళీది సూడాలి" అంది.

సామాను బరువంతా తీసేసి, రెండు రెక్కల్లో ఉండే, విమానం తాగే నూనె సమానం చేసి నడిపింది. అయినా ఎడమకే పోయింది. తప్పు బరువులో కాదు, చక్రాల్లో ఉందని అప్పుడు తేల్చింది. కంప్యూటరులో ఆ విమానానికి రాసున్న ఎడమ చక్రం కొలత మార్చి మార్చి చూసింది. ఆఖరికి తిన్నగా పరుగెత్తింది. దాని ఓపికకి ఎంత ముచ్చటేసిందో!

తూకానికి ముందు ఖాళీ కాటా చూడాలని చిన్నప్పుడు మన కొట్లో దానికి నేర్పింది నువ్వే కదా. పట్టుకుపోయే ముందు ఒక్కసారి వచ్చి దాని పక్కన కూర్చో. విమానం దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకో, నాకింకా భయమే.

నీ అక్క