ముందు నడుము, తర్వాత చేతులు

ఓడ మీంచి, సుపీరియర్ సరస్సు
జూన్ 4, 1984

ప్రియమైన మార్లిస్ అక్కా,

కిర్‌స్టీ ఉత్తరం అందింది. పిల్లకి నేను నేర్పిన బ్యాటు దెబ్బ మానిపించి, ముందు నడుం తిప్పమన్నావట. అది బేస్‌బాలా, డాన్సు క్లాసా? బ్యాటును గొడ్డలిలా పైనుంచి కిందికి దించాలని ఎంత కష్టపడి నేర్పానో నీకేం తెలుసు? నేను ఓడలో ఇనుప ఖనిజం మోస్తున్నానని నా కూతుర్ని నీ ఇష్టమొచ్చినట్టు మార్చేస్తావా? నీ ఇంట్లో ఉంచుకుని చూసుకుంటున్నావు, సంతోషం. దాని ఆట జోలికి మాత్రం రాకు.

కోపంతోనే,
నీ తమ్ముడు వెర్లిన్

డులూత్, జూన్ 13

తమ్ముడూ,

ఆ పిల్లల జట్టుకు కోచ్‌ని నేను. అందరికీ నేర్పి నీ కూతుర్ని వదిలెయ్యమంటావా? బంతి వాలుగా దిగుతూ వస్తుంది. నీ గొడ్డలి దెబ్బ తగిలినా అది నేలకు కొట్టుకుని, బంతి వేసినవాడి కాళ్ల దగ్గరికే దొర్లుతుంది. ముందు కాలు మెల్లగా ఆనించి నడుం తిప్పితే చేతులు వాటంతటవే వస్తాయి. ఒట్టి చేతులతో ఊపి ఊపి పిల్ల మణికట్టు వాచింది. ఐసు పెట్టింది నేను, నువ్వు కాదు. అరవాలనుంటే ఆ సరస్సు మీద అరుచుకో.

మార్లిస్

ఓడ మీంచి, జూన్ 22

అక్కా,

నాకు పాఠాలు చెప్పకు. క్లబ్బు అధ్యక్షుడు హాల్వర్సన్‌కి రాశాను. వచ్చే శనివారం నుంచి ఆయనే కోచ్. కిందికే కొట్టిస్తానని మాటిచ్చాడు. ఇక నీ వంట నువ్వు చూసుకో.

వెర్లిన్

డులూత్, జూలై 1

ప్రియమైన వెర్లిన్,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను.

నిన్న నేను కంచె అవతల నిలబడ్డాను. కిర్‌స్టీ బ్యాటు పట్టుకుని వెళ్లింది. "కిందికి దించు! నరుకు!" అని హాల్వర్సన్ అరిచాడు. నరికింది. బ్యాటు జారిపోయింది. మణికట్టు పట్టుకుని వంగిపోయింది.

"ఏడుపు తర్వాత. ముందు బ్యాటు తియ్యి" అన్నాడు.

తీసింది. తీసి ఆయన చేతిలో పెట్టి, "మీరే నరకండి" అంది, అందరికీ వినపడేలా. మైదానం దాటి నా దగ్గరికి వచ్చేసింది. డాక్టరు కట్టు కట్టి, నెల్లాళ్లు ఆడొద్దన్నాడు.

నీ మీద నాకు పట్టరానంత కోపంగా ఉంది. దానికి లేదు, అదే నా బాధ. "నాన్నకి రాయి అత్తా. కట్టు విప్పాక వచ్చి తనే బంతి వెయ్యమను. నేను కొట్టేది కళ్లారా చూసి, అప్పుడు తిట్టమను" అంది.

రా. నాతో మాట్లాడక్కర్లేదు. బంతి మాత్రం మెల్లగా వెయ్యి.

మార్లిస్