రెండో చరణం

మార్చి 3, శనివారం

అమ్మమ్మకి,
నీ పిచ్చుక నమస్కారాలు. ఈ పొద్దున కళ్ళు తెరవగానే మొదటి వింత: ఉద్యోగంలో ఒక మెట్టు పైకెక్కాను!

రోజూ కాలేజీ అయ్యాక ఒక హాల్లో, వచ్చినవాళ్ళ కోట్లు, గొడుగులు భద్రపరుస్తున్నానని రాశాను కదా. నిన్న మూసే వేళైనా ఒక్కరూ కదల్లేదు. ఒకరు బల్ల కింద దూరారు. ఇంకొకరు సీసా వదలనని మారాం. నేను కోట్లు దులుపుతూ, అలవాటుకొద్దీ నీ జోల అందుకున్నాను:

దీపమా దీపమా తల దించుకోవే,
వీధిలో గాలికీ నిద్దరొచ్చిందే...

అంతే! ఆవలింతలు మొదలయ్యాయి. అందరూ బుద్ధిగా ఇళ్ళకి పోయారు. యజమాని పొద్దున్నే కబురు పెట్టాడు, "ఇక కోట్ల పని వద్దు, రోజూ పాడు" అని. నీ మాట లేకుండా ఏదీ ఒప్పుకోనని బండెక్కేటప్పుడు మాటిచ్చాను. సరేనంటావా?
నీ పిచ్చుక

తా.క. రెండో చరణం రాసి పంపు. చిన్నప్పుడు మొదటిదానికే నిద్రపోయేదాన్ని, అందుకే రాదు.

మార్చి 7

చిరంజీవి పిచ్చుకకి,
అమ్మమ్మ దీవెనలు. రాత్రిళ్ళు పసిపిల్లల్ని చూసుకునే చోటని ముందే చెప్పొచ్చుగా! పుణ్యం వచ్చే పని. నిక్షేపంగా చెయ్యి. సీసాలు వేణ్ణీళ్ళతో కడుగు.
ఉంటాను,
అమ్మమ్మ

తా.క. రెండో చరణం పిల్లలు వినేది కాదు. అడక్కు.

మార్చి 11

అమ్మమ్మకి,
నమస్కారాలు. మన జోలలో వచ్చే "కునుకు" అన్న మాట ఎంత బాగుందో! పలుకుతుంటేనే రెప్పలు బరువెక్కుతాయి.

కానీ ఒకడున్నాడు. ఎంత పాడినా కునుకు తియ్యడు. రెప్పవెయ్యకుండా నన్నే చూస్తాడు. పనయ్యాక నా గది గుమ్మం దాకా వెంట వస్తాడు. పొమ్మంటే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. వాణ్ణి తలచుకుంటే చదువు మీద మనసు నిలవదు.

ఇరవై నాలుగో తేదీన పూర్తి పాట పాడాలట. ఒక్క చరణంతో సరిపెడితే వేరే అమ్మాయిని పెట్టుకుంటానన్నాడు యజమాని. దయచేసి రెండోది పంపవూ!
నీ పిచ్చుక

మార్చి 15

చిరంజీవి పిచ్చుకకి,
దీవెనలు. వాడికి పొట్టలో గాలి చేరింది. గోరువెచ్చని నూనె రాసి, భుజాన వేసుకుని, వీపు మీద మెల్లగా తట్టు. తేన్పు వస్తే వాడే నిద్రపోతాడు. అంత పసివాణ్ణి రాత్రిపూట నీ వెంట పంపుతున్నారే, వాళ్ళమ్మకి బుద్ధి లేదా?
అమ్మమ్మ

తా.క. పళ్ళు వచ్చాయా?

మార్చి 18

అమ్మమ్మా,
ముప్పై రెండూ వచ్చాయి.

వాడు పియానో వాయిస్తాడు. అది పిల్లల చోటు కాదు, రాత్రంతా ఆటపాటలు సాగే క్లబ్బు. సీసాల్లో ఉండేది పాలూ కాదు. నువ్వు పొరబడ్డావని తెలిసీ ఊరుకున్నాను. నిజం చెబితే వెనక్కి రమ్మంటావని భయం. వినేవాళ్ళంతా పెద్దవాళ్ళే, ఇప్పుడైనా చరణం పంపుతావా? రమ్మంటే వచ్చేస్తాను. కానీ అమ్మమ్మా, అక్కడ పాడుతున్నప్పుడు నేను నేనుగా ఉన్నాననిపిస్తుంది.
నీ పిచ్చుక

తా.క. వీపు మీద తట్టాను. తేన్పు రాలేదు. ఏడిచాడు. తట్టినవాళ్ళు లేక చాలా రోజులైందట.

మార్చి 22, గురువారం

ఒసేయ్ పిచ్చుకా,
కాళ్ళు విరగ్గొడతాను! అని రాసి, కాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను.

మీ తాతయ్యది రొట్టెల బట్టీలో రాత్రి పని. "లోకం పడుకున్నాక బతికేవాడితో ఏం కాపురమే?" అంది మా అమ్మ. విన్నానా? తెల్లవారుతుంటే వచ్చేవాడు, జుట్టునిండా పిండి. అప్పటికి అలసి పడుకుని ఉండేదాన్ని. ఆ రెండో చరణం నేను కట్టింది కాదే, ఆయనది. నన్ను లేపడానికి గుమ్మంలో నిలబడి పాడేవాడు. అది జోల కాదు, మేలుకొలుపు. ఆయన పోయాక నా నోట రాలేదు. నీకు రాద్దామని కూర్చుంటే మొదటి మాట దగ్గరే కాగితం తడిసింది.

కాగితం మీద అది చచ్చిన పాట. పాడే నేర్పాలి. ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపు తొలి బస్సుకి నేనే వస్తున్నాను. ఆ ముప్పై రెండు పళ్ళవాణ్ణీ వెంటబెట్టుకుని బస్సు దగ్గరికి రా.
అమ్మమ్మ

తా.క. అది పాడితే జనం ఇళ్ళకి పోరని మీ యజమానికి ముందే చెప్పు. రేపు పొద్దున ఆలస్యంగా లేచావో, బస్సు దిగగానే వీధిలోనే పాడి లేపుతాను.