ప్రశ్నలు చూసిన మనిషి

విజయవాడ,
ఫిబ్రవరి 20

డేనియల్ గారికి,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక ఇవాళ లేదు, ఏమనుకోకండి. ఫోన్ చేస్తే మీరు "సరే మేడం, అలాగే మేడం" అని పెట్టేస్తారు. అందుకే కాగితం మీద పోట్లాడుతున్నాను.

మన కాలేజీల క్విజ్ సంఘం వాళ్ళకి ఈ ఏడాది సన్మానాల మీదికి మనసు పోయింది. ఏళ్ళ తరబడి పోటీలకు సేవ చేసినవాళ్ళను గౌరవిస్తారట. మొదటి శాలువా నాకు. నాకొక్కదానికే. నిన్న ప్రెసిడెంటు బసవపున్నయ్య గారు ఇంటికొచ్చి, పూతరేకుల డబ్బా చేతిలో పెట్టి మరీ చెప్పారు. మరి డేనియల్ గారి సంగతేమిటన్నాను. ఆయన సోఫాలో అటూ ఇటూ సర్దుకుని, "ఆయన విషయం వేరమ్మా" అని కాఫీ తాగడంలో పడ్డారు. ఏమిటి వేరు? నేను రెట్టించి అడగలేదు. అక్కర్లేకపోయింది. ఆ కమిటీలో సగం మంది మా చుట్టాలే. వాళ్ళ నోళ్ళు ఏ పేర్ల దగ్గర తడబడతాయో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ప్రశ్నలు రాసింది నేనైతే, వాటిని పోటీలో నిలబడేలా చేసింది ఎవరు? చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని, మొండి ధైర్యంతో సైన్సు ప్రశ్నలు కూడా రాసి ఆర్టీసీ పార్సిల్లో చల్లపల్లి పంపేదాన్ని. మీరు మీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో కూర్చుని, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకుని చూసి, ఎర్ర పెన్నుతో తిప్పి పంపేవారు. దీనికి రెండు జవాబులున్నాయండి. ఇది ఇంటర్ పిల్లలకి కూడా తెలుసండి. ప్రశ్నలు ముందుగా చూసిన మనిషి ఆ పోటీలో ఆడకూడదన్నది మన నియమం. అందువల్ల లెక్చరరూ విద్యార్థీ జోడీగా ఆడే చివరి పోటీని ఏటా మీరు కింద కుర్చీలో కూర్చుని చూశారు. మైకు పట్టుకున్న నాకు శాలువా. నోరు కట్టుకుని కూర్చున్న మీకు "విషయం వేరు".

పైగా ఈసారి నేను పంపిన పార్సిల్ మీరు విప్పకుండానే తిప్పి పంపారు. మీకు ముందే తెలిసిందన్నమాట. మనసు కష్టపెట్టుకున్నారు, నాతో కూడా చెప్పలేదు.

నిర్ణయించుకున్నాను. శాలువా తీసుకోను. స్టేజీ ఎక్కి, మీ పేరు పెట్టి, ఈ సంఘం ఎవరి చాకిరీ మీద నిలబడి ఎవరి మెడలో దండలు వేస్తోందో అందరి ముందూ అడుగుతాను. పత్రికకు వ్యాసం కూడా రాసేశాను. దాంతో ఈ సంఘానికీ నాకూ చెల్లు. మీరు వద్దన్నా ఆగను.

మీ పక్షాన,
శివపార్వతి


చల్లపల్లి,
ఫిబ్రవరి 24

మేడం గారికి,

మీ కోపం నిన్న మధ్యాహ్నం క్లాసు నుంచి వచ్చేసరికి నా బల్ల మీద ఉంది. మూడుసార్లు చదివాను. వద్దన్నా ఆగనని రాశారు. ఆగాలండి.

బసవపున్నయ్య గారు మీకంటే ముందు నాకే ఫోన్ చేశారు. ఇద్దరికీ కలిపి చేద్దామన్నారు. వద్దన్నది నేను. మీకు చెప్పొద్దన్నదీ నేనే. పాపం ఆ పెద్దాయన కాఫీ కప్పులో ముఖం దాచుకున్నది నాకిచ్చిన మాట కోసం. ఏ నోరు ఏ పేరు దగ్గర తడబడుతుందో మీరు చూశారు, నేను పడ్డాను. మీరనేది చాలాచోట్ల నిజమే. ఈసారి మాత్రం అది కాదు.

"ఆట ముగించినవాళ్ళకి శాలువా కప్పుతారు సార్, నేనింకా మొదలే పెట్టలేదు" అన్నాను ఆయనతో. నాకు ఆడాలని ఉందండి. రిటైరైతే లెక్చరర్ల కుర్చీలో కూర్చోనివ్వరు, అదీ ఎంతో దూరంలో లేదు. మా బీఎస్సీ అమ్మాయి అక్షయతో జోడీగా పేరిచ్చాను. పార్సిల్ విప్పనిది అందుకు.

ఇంకో మాట రాయకూడదనుకున్నాను. రాసేస్తున్నాను. ప్రతి ఏడూ, ఈసారి మేడంతో చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ఈలోగా పార్సిల్ వచ్చి కూర్చునేది, పైన అర్జెంట్ అని రాసి. నన్ను కింద కూర్చోబెట్టిందెవరని మీరు ఊరంతటినీ నిలదీస్తానంటున్నారు. ఇన్నేళ్ళలో "మీకూ ఆడాలని ఉండదా" అని మీరైనా ఒక్కసారి అడిగారా? చివరికి నేను పడాల్సిన కోపం కూడా నా తరఫున మీరే పడుతున్నారు. నాకంటూ ఏం మిగిల్చారు?

కమిటీతో మీకు పేచీ ఉంటే మీ పేరు మీదే పెట్టుకోండి. నా పేరు స్టేజీ మీద ఎత్తకండి. ఆ రోజు నన్ను చూసి ఎవరూ అయ్యో అనకూడదు. నేను ఆడడానికి వస్తున్నాను.

శాలువా తీసుకోండి. మీరు చేసింది చిన్న పని కాదు.

కొంచెం భయంగానే,
డేనియల్


విజయవాడ,
మార్చి 9

డేనియల్ గారికి,

పోటీ ముగిసీ ముగియకముందే మీ ఊరి మీదుగా పోయే అవనిగడ్డ బస్సు ఎక్కేశారు. మాట్లాడే వీలివ్వలేదు, మంచిదే అయింది. ఎదురుగా ఉంటే వాదనకు దిగేదాన్ని.

మీ ఉత్తరం చదవగానే మీ మీద ఒళ్ళు మండింది. ఆడాలనుంటే నోరు తెరిచి చెప్పొచ్చుగా అని ఇంట్లో తిరుగుతూ మీతో పోట్లాడాను. "చెప్పుకునే వీలు లేకుండా చేసిందెవరు" అని ఊళ్ళోవాళ్ళందరినీ అడుగుతూ వ్యాసాలు రాసేదాన్ని నేనే కదా. ఆ ప్రశ్న నా ముందుకే వచ్చి నిలబడింది. అడగలేదు. నిజం. మన్నించండి.

మీ పేరు ఎత్తలేదు, చూశారుగా. శాలువా తీసుకున్నాను. ప్రశ్నలు సరిచూసేవాళ్ళ పేర్లూ, స్కోరు వేసేవాళ్ళ పేర్లూ కరపత్రంలో ఎందుకుండవని నా పేరు మీదే అడిగాను. బసవపున్నయ్య గారు తలూపారు. ఊపిన తలను నేను అంత తేలిగ్గా మరిచిపోను.

ఇక ఆ ప్రశ్న. ఈసారి నా చేతిలో ఉన్నవన్నీ మీరు చూడని ప్రశ్నలే. "గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంగా ఉండే ఒకే ఒక్క లోహం ఏది?" బజర్ మీది. పాదరసం అంటే పది మార్కులు. మీరేమో "ఏ ఊరి గది మేడం?" అన్నారు. హాలంతా గొల్లుమంది. ఎదురు ప్రశ్నలు కుదరవని కసిరాను. మీరు నింపాదిగా లేచి నిలబడ్డారు.

"పాదరసం ఒకటండి. గాలియం కూడా ముప్పై డిగ్రీలకే కరిగిపోతుంది. ఏసీ ఆగిపోయిన ఈ బెజవాడ హాల్లో ముప్పై మూడు దాకా ఉంటుంది. ఒకే ఒక్క లోహం అనడం తప్పు."

బసవపున్నయ్య గారు నా చెవిలో, క్విజ్ మాస్టర్ మాటే చివరి మాటమ్మా, పాదరసం అనేసి ముందుకెళ్ళు అన్నారు. కొలతలు పెట్టిందెవరని జీవితమంతా అడుగుతూ వచ్చినదాన్ని, ఏ చలిదేశపు గదినో తెచ్చి అందరి గదీ అదేనన్నట్టు ప్రశ్నలో పెట్టుకున్నాను. ఇంకా చివరి మాట నాదే అనాలా? ప్రశ్న తప్పు, తప్పు నాది, రద్దు చేస్తున్నానన్నాను. హాలు లేచి చప్పట్లు కొట్టింది మీకే. ఇన్నేళ్ళు చల్లపల్లిలో మీరు ఒంటరిగా చేసిన పని ఎలా ఉంటుందో ఆ జనం కళ్ళారా చూశారు. నేను మైకులో ఎంత అరిచినా అది చూపించలేకపోయేదాన్ని.

కానీ మహానుభావా, ప్రశ్న రద్దయితే మీ పది మార్కులూ పోతాయని మీకు తెలియదా? ఆ పది తక్కువై మీకు మూడో స్థానం చేజారింది. స్టేజీ దిగుతూ అక్షయ "పాదరసం అనేస్తే సరిపోయేది కదా సార్, మీతో నాకు పెద్ద చిక్కే" అని మిమ్మల్ని దులిపేయడం విన్నాను. న్యాయం ఆ పిల్లదే. ఆడడానికి వచ్చి కూడా నా తప్పులే దిద్దారు.

అందుకే, ఆలస్యమైనా, అడుగుతున్నాను. వచ్చే ఏడాది ఆడతారా? ఆడితే గెలవడానికి ఆడండి. నా తప్పులు నా తలనొప్పి. వాటిని అక్కడే వదిలేసి, మార్కులు తీసుకుని పొండి.

మీతో ఇంకా పోట్లాడాల్సింది చాలా ఉన్న,
శివపార్వతి